చెవుల్లో దూది

సూరత్ తెలుగు నేతగాళ్ల సంఘం వార్షికోత్సవంలో ‘నా విజయ రహస్యం’ అనే అంశం మీద మాట్లాడమన్నప్పటి నుంచి బిక్షపతికి అన్నం సయించడం లేదు. గోడాదరాలో సొంత మగ్గాల షెడ్డుంది, కామ్‌రేజ్‌లో ఇల్లుంది. లేనిదల్లా రహస్యమే. దాన్ని ఫోన్లో వీడియోలు చూసి సంపాదించాడు. గొప్పవాళ్లంతా పొద్దున నాలుగింటికే లేస్తారట. ఆ లెక్కన ప్రతి కోడిపుంజుకూ ఒక షెడ్డుండాలి కదా అని ఆ వీడియోలు తీసేవాళ్లకు తోచినట్టు లేదు.

అద్దం ముందు నిలబడి, “మిత్రులారా! నేను చిన్నప్పటి నుంచి నాలుగింటికే...” అంటుంటే భార్య ఊర్మిళ వంటింట్లోంచి తొంగి చూసింది.

“ఏ ఊర్ల నాలుగు? మొఖం మీద నీళ్లు గొడితె గద ఎనిమిదింటికి లేస్తవు.”

“జర ఊకో. పెద్దమనుషులు అడిగిన్రు, ఏదో ఒకటి చెప్పాలె గద.”

“చెప్పు, చెప్పు. ముంగట రాజమల్లన్న కూసుంటడు, యాదుంచుకో.”

అది యాదికుండబట్టే కదా అన్నం సయించనిది!

రాజమల్లు, బిక్షపతి సిరిసిల్ల దిక్కు నుంచి కలిసే సూరత్ వచ్చారు. ఒకే షెడ్డులో పని, ఒకే గదిలో పడక. పక్క షెడ్ల మోతకు నిద్ర పట్టక బిక్షపతి చెవుల్లో దూది కుక్కుకునేవాడు. ఒక దీపావళికి మగ్గాలు ఆపి అందరూ ఊరికి బయల్దేరారు. రాజమల్లు నాలుగింటికే లేచాడు. బిక్షపతిని పిలిచాడు, తట్టాడు, తిట్టాడు, చివరికి రైలు పోతుందని తన మూట తాను ఎత్తుకున్నాడు. బిక్షపతి కళ్లు తెరిచేసరికి ఎండెక్కింది.

ఆ మధ్యాహ్నమే సేటుకు పెళ్లిళ్ల సరుకు ఆర్డరు తగిలింది. మగ్గం నడిపే మనిషి చుట్టుపక్కల ఇంకొకడు లేడు. పండగంతా బిక్షపతి ఒక్కడే నేసిపెట్టాడు. సేటు మురిసిపోయి ఒక మూలనున్న మగ్గాలు అతనికి కిరాయికిచ్చాడు. షెడ్డూ ఇల్లూ ఆ మూలలోంచి వచ్చినవే. రాజమల్లు ఇప్పటికీ కడోదరాలో ఒకరి కింద మగ్గం నడుపుతున్నాడు. ఇప్పటికీ నాలుగింటికే లేస్తాడు. కష్టంలో ఇద్దరికీ తేడా లేదు, ఉన్నదల్లా చెవుల దగ్గరే.

ఆదివారం రానే వచ్చింది. మైకు ముందు బిక్షపతి గొంతు సవరించుకున్నాడు.

“మిత్రులారా! నాలుగింటికి...”

ముందు వరసలో రాజమల్లు చిటికెన వేలు చెవిలో పెట్టి నిమ్మళంగా తిప్పుకున్నాడంతే.

బిక్షపతి వీడియోల్లో నేర్చిందంతా ఎటు పోయిందో పోయింది.

“నాలుగింటికి లేచెటోడు గాయన. రైలు అందుకున్నడు. నేను దూది వెట్టుకొని పన్న, అందుకోలె,” అని మొదలుపెట్టి మొత్తం కథ చెప్పేశాడు. హాలు ఘొల్లుమంది. అధ్యక్షుడు కంగారుగా మైకు లాక్కున్నాడు.

“చూసిన్రా! ఇంత ఎదిగినా ఎంత వినయమో! ఇదే ఆయన విజయ రహస్యం!”

చప్పట్లు మోగాయి. నిజం చెప్పినా వదలరు కొందరు.

భోజనాల దగ్గర రాజమల్లు వచ్చి పక్కనే కూర్చున్నాడు. బిక్షపతి తల దించుకుని అన్నం కలుపుతున్నాడు.

“ఆ పొద్దు నేను ఇంకొక్క దెబ్బ గొడితే లేస్తుంటివిరా తమ్మీ,” అన్నాడు రాజమల్లు.

“అయితే నా షెడ్డు నీ పుణ్యమేనాయె అన్నా?”

“మరి గా ముచ్చట స్టేజీ మీద చెప్పకపోతివి!”

బిక్షపతి నవ్వుతూ ఆకు జరిపి, మళ్లీ అన్నం పెట్టమన్నాడు.