చెంపన పడ్డ మామిడికాయ

ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాం ఎలా బతకాలో మాకు నేర్పింది అమ్మా కాదు, అత్తా కాదు, నూజివీడు మ్యాట్నీ ఆట. తెర మీద ఏం చేస్తే అదే కాపురం అనుకున్నాం. హీరో పొగరుబోతు పిల్ల చెంప పగలగొట్టేవాడు. ఆ పిల్ల చెంప తడుముకుంటూ అతని వంక కొత్తగా చూసేది. వెంటనే పూలతోటలో పాట. హాలంతా ఈలలు. నాకు ఈల వెయ్యడం రాదు కాబట్టి చప్పట్లు కొట్టాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చేతులు మండుతున్నాయి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, మెలికలు తిప్పి రాయడం చేతకాదు. ఉన్నమాట రాస్తాను: ఆ సినిమాలు తీసినవాళ్ళకి సిగ్గు లేదు, చప్పట్లు కొట్టిన మాకు బుద్ధి లేదు. ఇప్పుడు మా ఇంట్లో టీవీలో అదే చెంప, అదే దెబ్బ. మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించి, మిగతాది రేపు చూడమంటారు. మొన్న మా మనవరాలు అన్నం ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, "పాపం, అతనికి ఆమంటే ఎంత ప్రేమో నాయనమ్మా" అంది. ఒళ్ళు మండి రిమోటు లాక్కున్నాను. సీరియల్ పోయిందని అలిగితే, దాని బదులు ఈ కథ చెప్పాను.

అది మా పెళ్ళయిన మొదటి వేసవి. రెడ్డిగూడెం దగ్గర తోటలో బంగినపల్లి కోత. మా ఆయన చెట్టెక్కి కోసేవాడు, నేను కింద గోనెపట్టా పట్టేదాన్ని. (తోట పని తెలియనివాళ్ళకి ఒక ముక్క: కాయ నేల తాకకూడదు, తొడిమ ఊడకూడదు. ఊడితే సొన కారి కాయా పాడవుతుంది, తగిలిన ఒళ్ళూ కాలుతుంది. అందుకని పైన ఉన్నవాడు "కాయొస్తంది!" అని కేకేసి వదలాలి, కింద ఇద్దరు ఆడవాళ్ళు పట్టా చెరో వైపు పట్టుకుని అందుకోవాలి. కేక వెయ్యకుండా వదిలినవాణ్ణి మేస్త్రి ఆ పూటకి చెట్టు దింపేసేవాడు.) పట్టా రెండో వైపు పట్టుకునేది నాకు వదిన వరస. అందరూ సినిమా వదిన అనేవాళ్ళు. హాల్లో బొమ్మ మారితే చాలు, మర్నాడు తోటలో పాటలతో సహా ఆడి చూపించేది.

ఆదివారం నేనూ మా ఆయనా ఒక సినిమాకి వెళ్ళాం. అందులో హీరో కొమ్మ మీద కూర్చుని హీరోయిన్ కొంగులోకి పువ్వు జారవిడుస్తాడు. ఆవిడ సిగ్గుపడి మొహం పక్కకి తిప్పి కళ్ళు మూసుకుంటుంది. సోమవారం మధ్యాహ్నం అందరూ సద్ది తినడానికి నీడకి పోయారు. మా ఆయన ఇంకా చెట్టు మీదే ఉన్నాడు.

"ఏమే, ఓసారి ఇలా రా. నిన్న ఆవిడ నిలబడినట్టు నిలబడు."

"ఎవరన్నా చూస్తారయ్యా!"

"ఎవరూ లేరు. కొంగు పట్టు."

ఎంత వెర్రిదాన్నో చూడండి. కొంగు పట్టడమే కాదు, ఆవిడలాగే మొహం పక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని, పెదవి మీద నవ్వు కూడా పెట్టుకున్నాను. మా ఆయనకి పువ్వెక్కడ దొరుకుతుంది? చెట్టుకంతటికీ మంచి కాయ చూసి కోశాడు. సినిమాలో హీరో కేక వెయ్యడు కదా, ఈయనా వెయ్యలేదు. ఆ కాయ సరిగ్గా వచ్చి నా చెంప మీద పడింది. తొడిమ విరిగి చెవి కింద సొన చిమ్మింది. చుక్కలు కనిపించాయి గానీ పాట మాత్రం రాలేదు.

నా అరుపుకి జనం పరిగెత్తుకొచ్చారు. ఒక చెంప బూరెలా పొంగి నేను ఏడుస్తున్నాను, ఈయన చెట్టు దిగి తల వంచుకు నిలబడ్డాడు. సినిమా వదిన బుగ్గ మీద వేలేసుకుని, "కొట్టావా తమ్ముడూ?" అంది. ఈయన ఒకసారి నా వంక చూశాడు, ఒకసారి మగాళ్ళ వంక చూశాడు. "ఆ... ఎదురు మాట్లాడింది" అన్నాడు. నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మేస్త్రి ఈయన భుజం తట్టి, "చెట్లెక్కడమే వచ్చనుకున్నా, పర్లేదు, మగాడివే!" అన్నాడు. వదినేమో నా చెవిలో, "అదృష్టవంతురాలివే పిల్లా. మీ అన్నయ్య నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు, ఆ మనిషికి నేనంటే ఇష్టముందో లేదో" అంది. అంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎందుకు కొట్టావని అడగలేదు.

ఇంటికి పోయే దారిలో నేను అడిగాను. "నువ్వు కొట్టలేదుగా, కొట్టానని ఎందుకన్నావు?"

"పెళ్ళానికి చెట్టు మీంచి కాయేసి ఆడుకున్నానని చెప్పమంటావా? కోత అయ్యేదాకా నవ్వుతారే."

"మరి కొట్టావంటే?"

"దానికెవరూ నవ్వరుగా."

మామిడికాయ దెబ్బ మూడు రోజుల్లో తగ్గింది. ఈ మాట దెబ్బ ఇంకా తగ్గలేదు.

మాకంటే ముందే కబురు ఇల్లు చేరింది. మా అత్త గుమ్మంలో నిలబడి నా చెంప చూసింది. అరవలేదు. లోపలికి పోయి నాకు అన్నం పెట్టింది, కొడుక్కి పెట్టింది, తను మాత్రం చెయ్యి కడుక్కుని నులక మంచం మీద కూర్చుంది. "వాడి కష్టం తినను" అంది. నేను కంగారుపడి జరిగిందంతా చెప్పాను. అత్త నా వంక జాలిగా చూసింది.

"మామిడికాయా? నేను చెప్పినవి వింటావా అమ్మాయ్? తలుపు తగిలిందన్నా. రోకలి జారిందన్నా. మీ మావయ్య పోయేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నా. మామిడికాయ ఒక్కటే నాకు తట్టలేదు."

"నిజమేనమ్మా, ఒట్టు!" అన్నాడు ఈయన.

"నలుగురిలో ఏం చెప్పావురా?"

ఈయన అన్నం పళ్ళెం పక్కకి జరిపాడు.

"నలుగురిలో కొట్టానని, ఇంట్లో కొట్టలేదనీనా? మీ నాన్నా అంతే. ఇంట్లో కాళ్ళు పట్టుకునేవాడు."

రెండు రోజులు ఆ మనిషి మజ్జిగతో గడిపింది. సినిమాల్లో అత్తలు కోడళ్ళని కాల్చుకు తింటారు. మా అత్త నా కోసం తిండి మానేసింది. అలాంటి అత్తని ఏ తెర మీదా చూడలేదు, చూపిస్తే జనం నమ్మరు కాబోలు. మూడో రోజు పొద్దున్నే మా ఆయనతో గట్టిగా చెప్పాను. "ఇవాళ తోటలో నిజం చెప్పకపోతే నేను పట్టా పట్టను. మీ అమ్మని తీసుకుని ఉంగుటూరు మా పుట్టింటికి పోతా. నువ్వూ నీ మగతనం కలిసి వండుకు తినండి."

ఆ మాట విని అత్త కూడా మా వెనకే తోటకి వచ్చింది. మా ఆయన చెట్టు మొదట్లో నిలబడి, తలపాగా విప్పుతూ చుడుతూ, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. పువ్వు, కొమ్మ, కొంగు, అన్నీ. మేస్త్రి పొట్ట పట్టుకుని కింద కూర్చున్నాడు. సినిమా వదినైతే పమిట నోట్లో కుక్కుకుంది. అత్త ఒక్కతే నవ్వలేదు. సరిగ్గా నేను నిలబడ్డ చోటికి పోయి కొంగు పట్టింది.

"ఏదీ, ఎక్కు. మళ్ళీ వెయ్యి, చూస్తా."

ఈయన ఎక్కాడు. "కాయొస్తందమ్మా!" అని తోట దద్దరిల్లేలా కేకేసి వదిలాడు. కాయ చక్కగా అత్త కొంగులో పడింది. అత్త దాని తొడిమ చూసింది, నా దగ్గరికి వచ్చి చెవి కింద సొన కాలి నల్లబడ్డ మచ్చని వేలితో తడిమింది. చాలాసేపు తడిమింది.

"ఓసి వెర్రి మొహమా, పైనుంచి కాయొస్తుంటే కళ్ళు మూసుకుంటారా ఎవరన్నా?" అంది. అని అక్కడే చతికిలబడి, కొడుకు సద్ది క్యారేజీ విప్పి, గోంగూర కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

ఆ కోతంతా మా ఆయన్ని 'హీరో' అని ఏడిపించారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. కొట్టానన్న రెండు రోజులూ భుజం తట్టిన చేతులే, కొట్టలేదన్నందుకు ఏళ్ళ తరబడి చప్పట్లు కొట్టి నవ్వాయి. నా కోపమంతా అదే. ఇది విని మా మనవరాలు రిమోటు అడగకుండా, "ఏదీ, మచ్చ చూపించు" అంది. ముడతల్లో వెతుక్కుని చూపించాను.

మంచం మీద మా ఆయన అంతా వింటూనే, వినపడనట్టు బంగినపల్లి కాయ కోస్తున్నాడు. ఆ వేసవి నుంచి ఈ మనిషి నా చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇవ్వాలన్నా ముందు కేక వేస్తాడు. ముక్క నా వైపు చాపి, "కాయొస్తందే" అన్నాడు. అన్ని అక్షరాలు నేర్చి, ఇంత కోపం రాసి, ఏం లాభం? నాకు తెలియకుండానే మొహం పక్కకి తిప్పి కళ్ళు మూసుకున్నాను.