కొత్త కార్ల సంగతులు చెప్పే మా గౌసియా అక్క

నిన్న పొద్దున పదింటికి ఫోన్. గౌసియా అక్క కొడుకు.

"పిన్నమ్మా, అమ్మ పోయింది. రెండ్రోజులు జొరం, అంతే."

"సరే నాయనా" అని పెట్టేసినాను.

సరే ఏంది? అట్టాంటి మాటకు ఎవరైనా సరే అంటారా? పోయి గోంగూర ఒలుచుకుంటా కూర్చున్నా. మా కోడలు "ఎవరత్తయ్యా ఫోన్‌లో" అని అడిగితే అప్పుడు చెప్పినా. నా గొంతు నాకే వేరే ఎవరిదో మాదిరి వినబడింది.

ఇప్పటికీ అట్టానే ఉంది. ఏడుపు రాలా. అందుకే రాస్తున్నా.

మీలో చానామందికి అక్క తెలీదు. మాది మనుబోలు. వాళ్ళ నాయన ఖాసిం సాయిబు మామకు హైవే పక్కన షెడ్డు ఉండేది. మద్రాసు రోడ్డున పోయే కార్లకు సీట్లు కుట్టేవాడు. అరవైల మొదట్లో మాట. నేను తొమ్మిదో క్లాసు. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. ఎనిమిదితోనే బడి మాన్పించినారు.

మామ రెక్సిన్ కోసం మద్రాసు పోయినప్పుడు, ఏడాదికోసారి పాత పేపర్ల అంగట్లో ఒక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చేవాడు. ఆ ఏడు ఫారిన్‌లో వచ్చిన కొత్త కార్లన్నీ అందులో ఉండేవి. లగ్జరీవి, స్పోర్ట్స్‌వి, అన్నీ కలర్ ఫోటోలు. మామకు ఇంగ్లీషు రాదు. సీట్ల కుట్టు చూసుకునేదానికి తెచ్చేవాడు.

చదివేది అక్క. నా డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా వెతికేది. నెల పట్టేది. అంతా నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుని, ఒక సాయంత్రం షెడ్డులో పైకి చదివేది.

"ఈ ఏడు కార్లకు వెనక పైకి లేచే తోకలు తగ్గినాయి. మంచిదే, గోడకు తగలవు."

"ఈ స్పోర్ట్స్ కారులో ఇద్దరికే చోటు. సంసారానికి పనికిరాదు."

"ఇది చానా ఖరీదు. కుట్టు మాత్రం వంకర."

టీకి ఆగిన లారీ డ్రైవర్లు పడీపడీ నవ్వేవాళ్ళు. అక్క నవ్వేది కాదు. ఫుల్ సీరియస్.

ఒక ఏడు పుస్తకం చూసి అక్క అనింది: "నాయనా, ముందు సీటు బెంచీ మాదిరి పొడుగ్గా కుట్టడం మానేస్తున్నారు. రెండుగా విడదీసినారు."

సరిగ్గా అప్పుడే రైస్ మిల్లు సుబ్బరామయ్య గారు తన పెద్ద కారు వదిలిపెట్టి పోయినారు. ముందు సీటు చినిగిపోయింది, కొత్తగా కుట్టమని. అంతే చెప్పినారు.

మామ రెండ్రోజులు ఆలోచించినాడు. మూడోరోజు బెంచీని నడిమికి కోసేసినాడు.

సుబ్బరామయ్య గారు వచ్చి చూసినారు. ముఖం ఎర్రగా అయిపోయింది.

"ఎవరు కొయ్యమన్నారు సాయిబూ? ముందర ముగ్గురం కూర్చునేవాళ్ళం గదా!"

మామ తల వంచుకున్నాడు.

అక్క కుట్టు మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చింది. "నేనే కొయ్యమన్నానయ్యా. మా నాయన తప్పేం లేదు."

"బొమ్మల పుస్తకం చూసి నా కారు కోస్తారా?"

ఆయన వెంట వాళ్ళమ్మ కూడా వచ్చింది. నెల్లూరు డాక్టర్ దగ్గరికి పోవాల. నడుం నొప్పి మనిషి, ఎంతసేపు నిలబడుద్ది? మెల్లగా తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చునింది. అటూ ఇటూ కదిలింది. వెనక్కి ఆనుకునింది.

"ఒరే సుబ్బరామా, నడుముకు బాగుంది. అరవడం ఆపి బండెక్కు, డాక్టర్ ఇంటికి పోతాడు."

ఆయన ఎక్కినారు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలా.

ఆ తర్వాత గూడూరు నుంచి కూడా కార్లు వచ్చినాయి, అట్టానే కొయ్యమని.

మామకు చూపు తగ్గినాక మిషన్ మీద అక్కే కూర్చునింది. రోడ్డు పక్కన ఆడమనిషి ఏంది అని వాగినారు జనం. కొందరు బండ్లు ఆపడం మానేసినారు. ఆ నెలల్లో నేను ఎప్పుడు షెడ్డుకు పోయినా అక్క కుట్టుకుంటానే ఉండేది. మెల్లమెల్లగా వాళ్ళే మళ్ళీ వచ్చినారు. కుట్టు అట్టాంటిది.

పెళ్ళైనా, ముగ్గురు బిడ్డలు పుట్టినా మానలా. అరవై ఏళ్ళు దాటిందాకా కుట్టింది.

పోయిన రంజాన్‌కు వాళ్ళింటికి పోయినప్పుడు అడిగినా. "అన్ని కార్ల గురించి చదివినావు గదక్కా, ఒక్కదాంట్లో అయినా ఎక్కినావా?"

"ఎక్కకుండా ఎట్టా కుడతానే? అన్నిట్లో కూర్చున్నా. కదలవు, అంతే." అని పాయసం గిన్నె నా ముందుకు తోసింది.

నిన్న సాయంత్రమే మట్టి చేసినారు. అంతకు ముందు ముఖం చూపించినారు. చూసినా. ఏమీ అనిపించలా.

ఈరోజు కూడా అంతే.

కోపం తెచ్చుకోవాకు అక్కా. ఏడుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందిలే.

అల్లా నిన్ను చల్లగా చూసుకోవాల. నెమ్మదిగా నిద్రపో.