ఎడమ తలుపు స్పీకరు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. కక్కలేను, మింగలేను. అయినా అన్నం తింటూనే ఉన్నాను. నిద్రపోతూనే ఉన్నాను. పాటలు కూడా పాడుతూనే ఉన్నాను. అసలు సిగ్గుపడవలసింది ఈ చివరిదానికే.

మీకు చెబుతాను. నా పేరు మాత్రం అడగకండి. వరంగల్‌లో మగ్గాల వాడ మాది. పవర్‌లూమ్ చప్పుడులో పుట్టి ఆ చప్పుడులోనే ముసలివాళ్లమవుతాం. యాభై దాటిన మగవాళ్లందరూ మా వాడలో అరుస్తున్నట్టే మాట్లాడతారు. ఎవరికైనా వినికిడి తగ్గితే చెవులను మగ్గం తిన్నదని నవ్వేసి ఊరుకుంటారు. దానికోసం దవాఖానకు వెళ్లేవాడు ఉండడు. ఇది మీకు ముందే చెప్పాలి. ఎందుకంటే నేను ఆడిన అబద్ధం మా వాడలో తప్ప ఇంకెక్కడా చెల్లేది కాదు.

సమ్మయ్య నా చిన్ననాటి దోస్తు. ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లం. అతని మగ్గానికీ నా మగ్గానికీ నడుమ రెండు మగ్గాలు. వాళ్ల నాన్నకు నలభై ఐదేళ్లకే చెవుడు వచ్చింది. అది చూసి భయపడి సమ్మయ్య మొదటి నుంచీ చెవుల్లో దూది కుక్కుకునే మగ్గం నడిపేవాడు. దూది ఉన్నా సరే, ఏ మగ్గం బెల్టు వదులైందో చప్పుడును బట్టి చెప్పేవాడు. అంత చెవి. దానికి తగిన గొంతు. మా భజన మండలిలో ముందు పాట అతనిదే. నేను వెనక తాళం.

ఒకసారి శ్రీరామనవమికి నాకు ఒక పాట ఇచ్చారు. నెలరోజులు సాధన చేశాను. రెండో చరణంలో ఉండగా సమ్మయ్య మైకు ముందుకు వంగి, శ్రుతి జారుతోంది, నువ్వు తాళం వెయ్యి, నేను అందుకుంటానని నవ్వుతూ అన్నాడు. మైకు ఆన్‌లో ఉంది. పందిరి కింద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఇంటికొచ్చాక సమ్మయ్య నా భుజం మీద చెయ్యి వేసి బాధపడకు అన్నాడు. అతను చెప్పింది తప్పు కాదు, శ్రుతి నిజంగానే జారింది. తప్పు చెప్పి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

తర్వాత రెండేళ్లకు అతను ఒక పాత కారు కొన్నాడు. వాళ్లమ్మ లక్ష్మమ్మకు మోకాళ్లు పట్టేశాయి, ఆమెను పాలకుర్తి గుట్ట మీది గుడికీ చుట్టాల ఇళ్లకూ తిప్పాలని. దారిలో అమ్మ భజనలు వినాలి కాబట్టి మంచి పాటల సెట్టు కావాలన్నాడు. హనుమకొండలో దుకాణాలన్నీ ఇద్దరం తిరిగాం. నాకేమో నీలం లైట్లు వెలిగే పెద్ద డబ్బా నచ్చింది, దమ్ము దమ్మని గుండెల మీద కొట్టేది. సమ్మయ్య అవన్నీ పక్కన పెట్టించాడు. కళ్లు మూసుకుని ఒకే పాటను ఏడెనిమిది స్పీకర్ల జతల మీద విన్నాడు. చివరికి ఏ సోకూ లేని ఒక జత, ముందు తలుపులకు బిగించేది, ఎంచుకున్నాడు. దుకాణం ఆయన మెచ్చుకోలుగా చూసి, మీరు పాడతారా అన్నా అని అడిగాడు. నన్ను అడగలేదు.

బిగించడం నేనే చేస్తానన్నాను. మగ్గం మోటార్లు విప్పి కట్టినవాణ్ణి, ఇదొక లెక్కా అని గొప్పలు పోయాను. నిజానికి నాకు ఏమీ తెలియదు. ఫోన్‌లో వీడియోలు చూసి మొదలుపెట్టాను. తలుపు అట్ట ఊడదీసేటప్పుడు రెండు క్లిప్పులు విరిగాయి. కారు వైర్ల చివరన ఉన్న పిన్నులు కొత్త స్పీకర్లకు పట్టలేదు. వాటిని కోసేసి వైరుకు వైరు ముడేశాను. ఎలా ముడేశానంటారా? మగ్గం మీద పోగు తెగితే రంగు చూసి అదే రంగు పోగుకు అతుకుతాం. పుట్టినప్పటి నుంచి చేతికి వచ్చిన పని అది. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది కట్టి టేపు చుట్టాను. ఆ కారును అంతకుముందు వాడినవాడు ఎడమ తలుపు వైర్లు ఒకసారి రిపేరు చేయించాడనీ, లోపల ఎక్కడో రంగులు తారుమారయ్యాయనీ నాకేం తెలుసు? అంతవరకు నా తప్పు తప్పే కాదు. నేతగాడు రంగును నమ్ముతాడు.

పాట పెట్టగానే అందరూ బాగుందన్నారు. సమ్మయ్య ఒక్కడే సీటులో ఇటూ అటూ జరిగి కూర్చున్నాడు. తల పక్కకు వంచాడు. ఏదో వెలితిగా ఉందన్నాడు. కొత్తవి కదా, నాలుగు రోజులు పాడితే సాగుతాయని వీడియోలో విన్న మాట నేను అప్పజెప్పాను.

మరుసటి ఆదివారం అతను కారు నా దగ్గర వదిలి పెళ్లికి వెళ్లాడు. మనసులో పురుగు తొలుస్తుంటే ఇంకో వీడియో చూశాను. తలుపుల అట్టలు ఊడదీసి, సెట్టు వెనక వైర్లకు పెన్సిల్ సెల్లు తాకించి, స్పీకరు అట్ట ఎటు కదులుతుందో చూడమన్నాడు అందులో. తాకించాను. కుడిది బయటికి ఉబ్బింది. ఎడమది లోపలికి పోయింది. మళ్లీ తాకించాను. మళ్లీ అంతే. ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. అలా లాగితే డోలు చప్పుడు సగం చచ్చిపోతుంది, పాడేవాడి గొంతు ఎదురుగా నిలవక గాల్లో చెదిరిపోతుంది. ఏ వీడియో చూడకుండా, ఏ సెల్లూ తాకించకుండా, సమ్మయ్య చెవి దాన్ని పట్టేసింది. మా వాడ మొత్తంలో ఇంకెవరికీ తెలియనిది అతనికి ఒక్క పాటలో తెలిసిపోయింది.

ఎడమ తలుపులో రెండు వైర్లు అటుది ఇటు మారిస్తే అయిపోయేది. రెండు నిమిషాల పని. పట్టకారు నా చేతిలోనే ఉంది. నేనేం చేశాను? ఉన్న ముళ్ల మీదే ఇంకో చుట్టు టేపు గట్టిగా చుట్టి తలుపు అట్ట బిగించాను. ఎందుకు? నా పనితనం పోతుందనా? ఇన్నేళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది అబద్ధం. అట్ట బిగిస్తుంటే నాకు ఆ పందిరి నవ్వు వినబడింది. సంతోషంగా అనిపించింది. అవును, సంతోషమే. ఇంకో మాట వెతికాను, దొరకలేదు.

ఆ సాయంత్రం కారు తీసుకుపోవడానికి వచ్చాడు. పాట పెట్టుకుని చాలాసేపు విన్నాడు. అప్పుడు మా మధ్య నడిచిన మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు.

"దోస్తు, పాట ఏడికెల్లి వస్తాందిరా? గొంతు నడుమ నిలుస్తలేదు. డోలు కొట్టినట్టే లేదు."

"నాకు మంచిగనే ఇనబడుతాంది."

"నిజంగనా?"

"నీ మీదొట్టు. మీ ఇంట్లోల్లను అడుగు. అందరికీ మంచిగనే ఉన్నది."

"మల్ల నాకొక్కనికే గిట్లెందుకు?"

చెప్పడానికి మనసొప్పనట్టు నేల చూశాను. ఆ చూపు కూడా నాటకమే.

"ఏమోరా. మీ నాయినకు గూడ గిట్లనే షురువైంది గదా."

సమ్మయ్య చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. పాట కట్టేశాడు.

మీ నాయినకు కూడా ఇలాగే మొదలైందన్నది కూడా అబద్ధమే. వాళ్ల నాన్నకు మొదట పోయినవి సన్నని చప్పుళ్లు, చిన్నపిల్లల మాటలు, ఫోన్ మోత. డోలు చప్పుడు ఆయనకు చివరిదాకా వినబడింది. ఆ సంగతి సమ్మయ్యకూ తెలిసే ఉండాలి. భయపడ్డవాడు అంత దూరం ఆలోచించడు. అది నాకు బాగా తెలుసు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని ఎవరినో వెక్కిరిస్తుంటాం. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. ఆడేవాడి కాళ్లు పోయాయని నేను నమ్మించాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం అవసరం ఉండేది కాదేమో. నేను ఆగలేదు. అతనితో మాట్లాడేటప్పుడు కావాలని గొంతు తగ్గించేవాణ్ణి. అతను "ఆఁ?" అనేవాడు. రెండుసార్లు చెప్పినరా అనేవాణ్ణి. ఒక్కసారే చెప్పి ఉండేవాణ్ణి. భజనలో అతను పల్లవి ఎత్తుకోగానే కనుబొమలు కొంచెం ముడిచి, అతను నన్ను చూసేలోగా మామూలుగా పెట్టేవాణ్ణి. అతను అది చూసేవాడు. చూడాలనే చేసేవాణ్ణి. చెవుల డాక్టరుకు చూపించుకుంటానంటే, ఏం చేస్తరురా, మిషన్ పెట్టుకొమ్మంటరు, వాడంతా నవ్వుతదన్నాను. అతను వెళ్లలేదు. మండలి పెద్దాయనతో ఒంటరిగా, సమ్మయ్యకు చెవులు మందగిస్తున్నాయి, మనసు నొచ్చకుండా చూసుకుందామన్నాను. ఆయన నన్ను మెచ్చుకున్నాడు. దోస్తంటే నీవంటోడు ఉండాలె అన్నాడు.

ఆరు నెలలు తిరిగేసరికి ముందు పాట నాదైంది. ఎవరూ లాక్కోలేదు. సమ్మయ్యే మైకు నా వైపు జరిపాడు.

ఇక లక్ష్మమ్మ సంగతి చెప్పాలి. ఇది రాయలేక మూడు రోజులు కలం పక్కన పెట్టాను.

మా వాడలో మనిషి పోతే, పాడె లేచే ముందు భజన చేస్తాం. పోయినవాళ్లకు ఇష్టమైన పాటను ఇంటివాళ్లలో గొంతున్నవాళ్లు ఎత్తుకుంటారు. లక్ష్మమ్మ ఎన్నోసార్లు అందరి ముందూ చెప్పింది, నేను పోయిననాడు నా కొడుకు పాడితే వింటూ పోతానని. కారులో వెనక కూర్చుని నేను కూడా విన్నాను ఆ మాట. ఆమె మధ్యాహ్నం పూట పోయింది. మరునాడు పొద్దున మండలి మొత్తం వాళ్ల వాకిట్లో కూర్చుంది. హార్మోనియం శ్రుతి పట్టింది. అందరూ సమ్మయ్య వైపు చూశారు. అతను నోరు తెరిచాడు. గాలి పీల్చుకున్నాడు. ఒక్క అక్షరం బయటికి రాలేదు. తర్వాత చెవి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. తల్లి శవం ముందు శ్రుతి తప్పుతానని భయం. అంతమంది ముందు, అమ్మ చివరి పాట పాడుచేస్తానని భయం. ఆ భయాన్ని అతని చెవిలో పోసింది నేను.

అతను నాకు సైగ చేశాడు, నువ్వు పాడమని.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. లేచి వెళ్లి అతని చెవిలో, నీకేం కాలేదురా, వైర్లు తప్పు కట్టింది నేను, పాడు అని చెబితే సరిపోయేది. చెప్పాలనిపించిందా? అనిపించింది. హార్మోనియం రెండోసారి శ్రుతి ఇచ్చేంత సేపు అనిపించింది. తర్వాత పాడాను. బాగా పాడాను. ఆ రోజు నా శ్రుతి ఎక్కడా జారలేదు. సమ్మయ్య నా రెండు చేతులూ పట్టుకుని, అమ్మ రుణం నువ్వు తీర్చినవని ఏడ్చాడు.

ఏడాది తర్వాత కారు అమ్మేశాడు. అమ్మే ముందు సెట్టూ స్పీకర్లూ విప్పించి, తువ్వాలలో కట్టి మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. నీ చెవులు మంచిగున్నాయి, నువ్వైనా వినమన్నాడు. తీసుకున్నాను. ఆ మూట బీరువా మీద ఉంది. ఇంతవరకు విప్పలేదు.

ఇప్పుడైనా వెళ్లి చెప్పవచ్చు కదా అంటారు మీరు. అతని ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. కానీ ఏమని చెప్పాలి? నీ చెవులు బాగానే ఉన్నాయని చెబితే, మీ అమ్మకు నువ్వు పాడగలిగేవాడివని కూడా చెప్పినట్టే. ఆ మాటతో అతను ఎలా బతుకుతాడు? చూశారా, ఎంత దయగా మాట్లాడుతున్నానో. మండలి పెద్దాయనతో కూడా ఇంత దయగానే మాట్లాడాను. నాకు భయం, అంతే. చెబితే ముందు పాట పోతుంది. దోస్తంటే నీవంటోడు అన్న పేరు పోతుంది. అతను నన్ను కొడితే బాగుండును. కొట్టడు. చెవి మీది నుంచి చెయ్యి తీసేసి నన్ను చూస్తాడు. ఆ చూపు నాకొద్దు.

పోయిన శనివారం భజనలో పాడుతున్నాను. సమ్మయ్య ఎప్పటిలాగే వెనక వరుసలో, గోడకు ఆనుకుని, మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటున్నాడు. వయసు మీద పడుతోంది, చరణం పైకి తీసుకుపోతుంటే నా శ్రుతి వెంట్రుకవాసి జారింది. తబలా అబ్బాయికి తెలియలేదు. హార్మోనియం ఆయనకు తెలియలేదు. సమ్మయ్య వేళ్లు ఆగిపోయాయి. తలెత్తి నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత తప్పు తనదే అనుకుని, చిటికెన వేలు చెవిలో పెట్టి కదిలించుకున్నాడు. మళ్లీ తాళం అందుకున్నాడు.

నేను పాట పూర్తి చేశాను. అందరూ బాగుందన్నారు.

జారింది నేను. ఆ కారులో తారుమారైంది నేను కట్టిన వైరు. సమ్మయ్య చెవి తప్పు విన్నది ఒక్కనాడూ లేదు. ఈ మాట ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు, మీకు చెప్పాను. గొంతులో కొంచెం ఊపిరి ఆడుతోంది. శనివారం మళ్లీ ముందు పాట నాదే.