నాలుగో కొస

మస్కట్ పాతసామాన్ల కొట్లో కొన్న ఐరోపా అచ్చుబొమ్మ నలిగిపోతుందేమోనని, నేనుండే ఒమాన్ పట్టణం ఇబ్రిలో ఫ్రేములు కట్టే దుకాణానికి తీసుకెళ్లాను. అది పూర్వకాలపు యూదుల పెళ్లి. వధూవరుల తలల మీద నలుగురు కుర్రాళ్లు కర్రలతో గుడ్డ పందిరి ఎత్తి పట్టుకున్నారు.

దుకాణంలో పనిచేసే రాజన్నది జగిత్యాల దగ్గరి పల్లె. ఎప్పటి అలవాటుగా, బొమ్మ అంచులు కప్పేలా, మధ్యలో కిటికీలా అట్ట కోసి పెట్టాడు. చివరి కుర్రాడు దాని కింద మాయమయ్యాడు. బాగానే ఉందన్నాను.

"ఏం బొమ్మ సార్ ఇది?"

"యూదుల పెళ్లి."

అతను అట్ట ఎత్తి మళ్లీ చూశాడు. "అరే, గిది మా ఉల్లెడ లెక్కనే ఉన్నది! మా దిక్కు పెండ్లిపిల్ల నెత్తిమీద నలుగురు గిట్లనే గుడ్డ పడ్తరు."

మా ఇంటి పెళ్లిళ్లలో నేనది ఎన్నడూ చూడలేదు. హుషారుగా ఇద్దరం బొమ్మ మీదికి వంగాం. ఒక కుర్రాడు దిక్కులు చూస్తున్నాడు. అతని వైపు గుడ్డ జారిపోయింది.

"గిసొంటోడు మా తాన గూడ ఒకడుంటడు!" రాజన్న పగలబడి నవ్వాడు.

నవ్వుతూనే కోసిన అట్ట పక్కన పడేసి, బొమ్మంతా కనబడేలా కోయడానికి పెద్దది తీశాడు. పర్లేదులే అన్నాను.

"నాలుగో మనిషిని దాస్తే పందిరెట్ల నిలుస్తది సార్? వచ్చే నెల మా మేనకోడలి పెండ్లి. సేటు లీవిచ్చిండు, పోతున్న. ఉల్లెడ నాలుగో కొస నాదే!"