గుమ్మడికాయ ముందు వంగిన కత్తి

ఈ రోజు మా ఆయన పరువు ఒక బూడిద గుమ్మడికాయ చేతిలో పోయింది.

మా ఢిల్లీ కంటోన్మెంటులో నాలుగు తెలుగు కుటుంబాలం. దసరాకి ఆయుధపూజ మా ఇంటి ముందే. స్కూటర్లకి బొట్లు పెట్టాక, గుమ్మడికాయని ఈసారి హాల్లో వేలాడే పాత మిలిటరీ కత్తితోనే కొడతానని మా ఇంటి మేజరుగారు పట్టుబట్టారు. ఎర్రకోట వెనక ఆదివారం బజారులో ముచ్చటపడి కొన్నది. పిడి నిండా నగిషీ, అద్దంలాంటి మెరుపు. ఎత్తి ఒక్క వేటు వేశారు. కాయకి గీత పడింది. కత్తి ఉడికిన ములక్కాడలా వంగిపోయింది.

పక్కింటి సర్దార్జీ కర్నల్ గారు దాన్ని తిప్పి చూసి, "అరే మేజర్ సాబ్, యే తో సెల్యూట్‌వాలీ తల్వార్ హై, లడాయీవాలీ నహీ!" అని పకపకా నవ్వారు. అంటే అది సెల్యూట్ కొట్టడానికే గానీ యుద్ధానికి పనికిరాని కత్తి అన్నమాట.

నేను లోపలికి వెళ్లి, ఆ కత్తి అమ్మినవాడే కొసరుగా పడేసిన నల్ల కత్తి తెచ్చిచ్చాను. ఇన్నాళ్లూ వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నది. మా ఆయన ఒక్క వేటు వేస్తే కాయ రెండు చెక్కలైంది.

సాయంత్రం చూస్తే వంకర కత్తి మళ్లీ గోడ మీదే ఉంది.

"ఇంకా అదెందుకండీ?" అన్నాను.

"గాయపడ్డ జవాన్ని వదిలేసి వచ్చేస్తామా?" అన్నారు.

గెలిచిన నల్ల కత్తి మాత్రం, కుంకుమబొట్టుతో సహా, మళ్లీ వంటింటి తలుపు దగ్గరే నిలబడింది. మీ ఇళ్లలో కూడా మెరిసేది గోడకీ, పనిచేసేది వంటింటికీనా?