లైకు కొట్టినవాళ్లపై శెట్టిగారి విచారణ

ఆదోని పత్తి వ్యాపారి లక్ష్మీనారాయణ శెట్టిగారికి మీరు నమస్కారం పెట్టారనుకోండి, ప్రతినమస్కారం రాదు. "ఏం కావాల?" అని వస్తుంది. పత్తి మూటలో చెయ్యి దూర్చి లోపల తడి ఉందేమోనని చూసే మనిషి, మనుషుల్ని కూడా అలాగే చూస్తారు. భార్య కృష్ణకుమారి కాఫీలో చక్కెర కాస్త ఎక్కువ వేస్తే చాలు, "ఏంది, మీ అన్న వస్తాండాడా?" అంటారు. వస్తూనే ఉంటాడు, అది వేరే సంగతి.

అలాంటి మహానుభావుడికి సోషల్ మీడియా నేర్పే పని ఎమ్మిగనూరు పిల్ల కవిత నెత్తిన పడింది. ఫేస్‌బుక్కులో, వాట్సాపులో నలుగురితో పరిచయాలు పెంచుకోవడం ఎలాగో వ్యాపారులకూ వకీళ్లకూ డాక్టర్లకూ నేర్పడమే ఆమె వృత్తి. శెట్టిగారి కొడుకు దీపక్ బతిమాలితే ఒప్పుకుంది. వచ్చిన మొదటి రోజే కొట్టు ముందు శెట్టిగారిని నిలబెట్టి ఫోటో తీసి పెట్టింది. సాయంత్రానికి లైకులు బాగానే వచ్చాయి. శెట్టిగారి నొసలు ముడిపడింది.

"ఈ ఇస్సాకెవరు?"

"హాలహర్విలో టైలరంట. ఫోటో నచ్చి లైకు కొట్టినాడు."

"పత్తి మూటల్లో నచ్చేదేముండాది? వాని నంబరియ్యి."

కవిత ఎంత వద్దన్నా వినలేదు. ఇస్సాకు దుకాణం పేజీలోనే నంబరుంటే ఫోన్ కలిపేశారు. "ఏమప్పా, నాకు లైకు కొట్టినావంట. ఎవరు పంపినారు నిన్ను?"

ఇస్సాకు హడలిపోయి, "తప్పయిపోయినాదన్నా" అన్నాడు.

"తప్పయితే వాపస్ తీస్కో!"

తీసేసుకున్నాడు పాపం. అప్పటినుంచి లైకు వచ్చిందంటే విచారణే. కవిత తల పట్టుకుంది.

"అట్ల అడగకూడదు శెట్టిగారూ. జనం పారిపోతారు."

"నీకు తెల్దు పాపా. మా నాయన కాలంలో కొనేటోడు, అమ్మేటోడు చేతుల మీద తువ్వాలు కప్పుకొని, కింద వేళ్లతోనే బేరం తేల్చుకునేటోళ్లు. వేలు ఒత్తినాడంటే ఒప్పుకున్నట్టే. ఇంక మాట మార్సేది ల్యా. ఇదీ వేలితో ఒత్తేదే గదా?"

అది వేరు, ఇది వేరని కవిత ఎంతో చెప్పి చూసింది. ఆయన మాత్రం ఎవరికైనా లైకు కొట్టాల్సివస్తే ఫోను మీద తువ్వాలు కప్పుకుని మరీ కొట్టేవారు.

ఇంతలో కవితకు పెద్ద పరీక్షే వచ్చింది. ఎమ్మిగనూరు వర్తక సంఘం కార్యదర్శి శేషన్న, "ఈ ఆదివారం మా సంఘం హాలు నిండితే వారం వారం క్లాసు పెట్టుకో. నిండకుంటే మళ్లీ ఈ వైపు రావద్దు" అని తేల్చేశాడు. ఇంట్లో తల్లి సరస్వతి, "ఫోన్లు నొక్కేది నేర్పే ఉద్యోగమేందే, బళ్లో టీచరుగా చేరు" అని రోజూ పోరు. ప్రకటన పెడితే లైకులు వరదలా వచ్చాయి. వస్తామన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

శనివారం శెట్టిగారు ఆ ప్రకటన చూశారు. "ఇంతమంది ఒత్తినారే. అందరూ వస్తారా?"

"ఎవరూ రారు శెట్టిగారూ. ఊరికే కొడతారు." కవిత కళ్లు తుడుచుకుంటూ బస్టాండుకు వెళ్లిపోయింది. శెట్టిగారు వెంటనే కొడుకును కేకేశారు.

ఆదివారం ఖాళీ కుర్చీల ముందు కవిత దిగాలుగా నిలబడి ఉంటే, ముందుగా ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. "ఎవరో ఆదోని శెట్టంటమ్మా. ఆడపిల్లకు మాటిచ్చి ఇంట్లో కూర్చుంటావా అని ఒకటే తిట్లు!" వెనకే వకీలు వచ్చాడు. "అడ్డంగా ప్రశ్నలడిగేది మా పని. ఆయన నన్నే అడిగినాడు!" ఆ వెనక ఇస్సాకు, చెమటలు కక్కుతూ.

"నేను కొట్టనే లేదక్కా. ఎందుకు కొట్టల్యా అని ఫోన్ చేసినాడు!"

హాలు నిండిపోయింది. శేషన్న పక్కింటి నుంచి కుర్చీలు తెప్పించాల్సి వచ్చింది. క్లాసు అయ్యేసరికి ఇస్సాకు వకీలు కోటుకు కొలతలు తీస్తున్నాడు. వారం వారం హాలు కవితదేనని శేషన్న అందరి ముందూ ఒప్పుకున్నాడు. కవిత పరుగున వెళ్లి వెనక వరుసలో ఉన్న శెట్టిగారి చేతులు పట్టుకుంది.

శేషన్న ఆ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "ఈ పాప మీకేమవుతాది?"

"ఏం కాదు."

"మరి ఇంతమందిని పిల్సినారే. దీంట్లో మీకేం లాభం?"

"లాభమా? పిల్ల నిన్న మా కొట్లోంచి ఏడ్సుకుంటా పోయినాది. నాకు ముద్ద దిగల్యా. సాలదా?"

శేషన్న నమ్మినట్టు కనిపించలేదు. "అయినా, ఏదో ఉంటాది లే."

శెట్టిగారు నిజంగానే నొచ్చుకున్నారు.

"ఇంత అనుమానం పనికిరాదప్పా మనిషికి!"