ప్రమీలక్క ఇచ్చిన చాట

తడిపిన తునికాకు వాసన తగిలితే నాకు బీడీలు చేసిన మా అవ్వ కన్నా ముందు ప్రమీలక్క గుర్తొస్తుంది. అక్క నిజామాబాద్‌లో చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేది. ఏడో తరగతిలో బడి మానేసిన నన్ను టైపింగ్ పనికి పెట్టుకుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు అవి.

బోధన్ వైపు ఒక చెరకు కొనుగోలు కేంద్రానికి అక్క ప్రోగ్రాం రాసింది. ఏ రైతు బండి ఎప్పుడు తూకానికి రావాలో అది వరుస కట్టేది. పైపనంతా పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఉండేది. బరువైన లెక్కలు మాత్రం వేగం కోసం సి భాషలో రాసి, యంత్రానికి నేరుగా అర్థమయ్యేలా కంపైల్ చేసిన మాడ్యూల్ అనే విడి భాగంలో. పిలిచే మనిషి బయట, పనిచేసే మనిషి లోపలి గదిలో అని నాకు చెప్పేది. తీరా కోతలు మొదలయ్యాక ఆ వరుస రావడానికే పొద్దెక్కేది. బండ్ల మీద చెరకు ఎండి బరువు తగ్గేది.

"బిడ్డా, మీ కంప్యూటర్ డబ్బ సోంచాయించి లెక్క తేల్చే లోపల నా చెరుకు పొయ్యిలకే పనికొస్తది" అన్నాడు వర్ని నుంచి వచ్చిన పెద్దాయన.

కేంద్రం సూపర్‌వైజర్ ఇంకా గట్టిగా అన్నాడు: "మాపటిదాంక సక్కగ కాకుంటే చేతితోనే రాసుకుంటం. మీ డబ్బలు తీస్కపోండ్రి."

ఆ పని పోతే మా సెంటర్‌కు తాళమే.

మాతో పనిచేసే శ్రీనన్న ప్రొఫైలర్ నడిపాడు. ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపేది అది. సమయమంతా సి మాడ్యూల్ పేరు మీద, ఒకే లైన్‌లో పడింది.

"దొంగ దొరికిండక్కా! దీన్ని తీసి పారేద్దాం."

"తలుపు మీద పేరు సదివినవ్ శ్రీనూ. లోపల ఏమైతుందో సూసినవా?"

ఆ ప్రొఫైలర్ చూపు గడప దగ్గరే ఆగుతుందట. అక్క లోపలి పనుల పేర్లు చెరిగిపోకుండా మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేసి, సి లోపలికి చూడగల ఇంకో ప్రొఫైలర్ పెట్టింది. లెక్కలకు పట్టేది పిసరంత. ఒక్కో రైతు వివరం అడగడానికి మాడ్యూల్ మాటిమాటికీ పైథాన్ దగ్గరికి వచ్చి పోవడానికే మిగతా సమయమంతా పోతోంది.

ఏమీ అర్థంకాని నా మొహం చూసి అక్క నవ్వింది. "మీ అవ్వ ఒక్కో ఆకుకు లేసి ఇంట్లకు పోతదానే?"

"ఎందుకు పోతదక్కా? కత్తిరించిన ఆకు, తంబాకు, దారం అన్ని చాటల పెట్టుకునే కూసుంటది."

"గంతే. దీనికి చాట ఇద్దాం పా."

వివరాలన్నీ ఒకేసారి మాడ్యూల్ చేతికి అందేలా మార్చింది. మార్చి ఊరుకోలేదు, మళ్లీ కొలిచింది. సాయంత్రం సూపర్‌వైజర్ కప్పులో చాయ్ చల్లారకముందే మర్నాటి వరుస కాగితం మీదికొచ్చింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇంకో చాయ్ చెప్పుండ్రి" అన్నాడు.

మొన్న మా ఆయన అన్నం ఆలస్యమైందని కోడలి మీద గొంతు లేపబోయాడు. "ఆగు" అని వంటింట్లోకి వెళ్లి పీట వేసుకుని కూర్చున్నాను. పిల్ల చేయి చురుకే. కానీ చెంబెడు నీళ్లు కావాల్సినప్పుడల్లా వాకిట్లో నల్లా దాకా పోయి వస్తోంది.

లేచి బిందె నింపి పొయ్యి పక్కన పెట్టాను.